ప్రార్థనలో ఒక పేరు

గురువారం సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు నా భార్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నాంపల్లి స్టేషన్ మైకులో ఏదో రైలు ఆలస్యమని చెబుతుంటే నేను అలవాటుగా గోడగడియారం వైపు చూశాను. అందుకే ఆ సమయం గుర్తుంది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. చేతులు కొంగుకు తుడుచుకుని ఎత్తి, రెండు మాటలు విని, "ఇంగ్లీషుల మాట్లాడుతున్నడు, నువ్వు చూడు" అని నాకిచ్చింది.

చేసినాయన ఇథియోపియా దేశస్థుడు. టోలీచౌకిలో ఉంటూ ఫార్మసీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. మా పైగదిలో కిరాయికి ఉండే వాళ్ల దేశపు విద్యార్థికి స్నేహితుడు, వయసులో కొంచెం పెద్ద. ముందు నన్ను కూర్చోమన్నాడు. పైన అతను ఉన్నాడా అని అడిగాడు. లేడు, యూనివర్సిటీకి వెళ్లాడని చెప్పాను. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. అతని తండ్రి చనిపోయాడు. చనిపోయి వారం దాటింది, సమాధి కూడా చేశారు. అతనికి ఇంకా తెలియదు.

వాళ్ల దేశంలో చావు కబురు ఫోన్‌లో చెప్పరట. నలుగురు కలిసి తెల్లవారుతుండగా ఇంటికి వెళ్లి చెబుతారు. మనిషి రాత్రి కాస్త నిద్రపోయి ఉంటాడు, ఏడవడానికి ముందు ఒక పగలంతా ఉంటుంది, పక్కన పట్టుకోవడానికి మనుషులుంటారు. పరాయి దేశంలో చదువుకునేవాళ్ల విషయంలోనూ అంతే. ఊళ్లోవాళ్లు అక్కడున్న తమవాళ్లకు చెబితే, వాళ్లు వెళ్లి ఆ పని చేస్తారు. కానీ ఇతని వైవా వచ్చే బుధవారం. నాలుగేళ్ల చదువు ఆ ఒక్క పూటలో తేలాలి. కాబట్టి ఆ మర్నాడు, గురువారం తెల్లవారుజామున వస్తామనీ, అప్పటిదాకా మా ముఖాల్లో ఏమీ కనబడనీయవద్దనీ ఆయన అడిగాడు. "అతను మీ ఇంట్లోనే తింటాడు కదా, అందుకే మీకు చెబుతున్నాను. హఠాత్తుగా తెలిస్తే మీకూ కష్టం" అన్నాడు.

నేను ఆ మాట చెప్పగానే నా భార్య చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపింది.

"మొన్న ఆదివారం గీడనే కూసోని నవ్వుకుంట తిన్నడు గదయ్యా. అప్పటికే లేడా ఆయన?"

"లేడు."

"మరి ఫోన్ చేస్తే ఏం చెప్పిన్రట ఇంట్ల?"

ఆ సంగతి మాకు ఆదివారం అతనే చెప్పాడు. జబ్బు చేసినవాళ్లను పవిత్ర జలం ఉన్న మఠానికి తీసుకెళ్లి కొన్ని వారాలు ఉంచడం వాళ్లలో ఆచారం. తండ్రిని అలా తీసుకెళ్లారని, అక్కడ ఫోన్ అందదని ఇంట్లోవాళ్లు చెప్పారు. అతను నమ్మాడు. మేమూ నమ్మాం.

అతను మా ఇంటికి వచ్చి అప్పటికి మూడేళ్లు. హాస్టల్లో చోటు అయిపోయాక ఊరంతా గది కోసం తిరిగాడు. ఫోన్‌లో సరే అన్నవాళ్లు మనిషిని చూశాక ఇప్పుడే ఇచ్చేశాం అనేవాళ్లు. మా గల్లీలో కూడా ఒక ఆవిడ గేటు దగ్గర నిలబడి నా భార్యను అడిగింది, "ఆఫ్రికా పిల్లగాడికి ఇస్తున్నవట, నీకేం ఫికర్ లేదా?" అని. "నీ తమ్ముడు తెల్లగనే ఉండె గదా వదినా, అదే గదిల ఆర్నెల్లుండి మా నీళ్ల మోటర్ కాలవెట్టి పోయిండు" అంది మా ఆవిడ. ఆ తర్వాత ఆ ఆవిడ మా ఇంటి విషయం మాట్లాడలేదు.

అతను తన దేశంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. సెలవు పెట్టి చదువుకు వచ్చాడు. పరిశోధన జొన్న మీద. వర్షాలు తక్కువైన ఏళ్లలో ఏ రకం జొన్న నిలబడుతుందన్నది అతని ప్రశ్న. నా భార్యది మెదక్ వైపు క్రైస్తవ మిషను ఊరు, జొన్నరొట్టె తిని పెరిగిన మనిషి. అతను రెండోరోజే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆమె చేతుల్లో రొట్టె పెద్దదవుతుంటే చూశాడు. తమ ఊళ్లో కూడా ఇదే గింజ అన్నాడు. అప్పటినుంచి రాత్రి భోజనం కిందనే. మాకు పిల్లలు లేరు. ఆ విషయం ఇంతకంటే చెప్పనవసరం లేదు.

అతను కూడా క్రైస్తవుడే, కానీ వాళ్ల పద్ధతులు వేరు. అది మాకు మొదటి క్రిస్మస్ నాడు తెలిసింది. చర్చి నుంచి వచ్చి మటన్ బిర్యానీ వడ్డిస్తే అతను ఉల్లిపాయ ముక్కలూ టమాటా ముక్కలూ మాత్రమే తీసుకుని కూర్చున్నాడు. వాళ్ల పండుగ జనవరి ఏడున. అంతవరకూ ఉపవాస దినాలు, మాంసం గాని పాలు గాని ముట్టరు.

"యేసయ్య మీకు రెండువారాలు లేటుగ పుట్టిండా ఏంది?" అంది నా భార్య.

"ఔ ఆంటీ. మా ఊరు జర దూరం గదా" అన్నాడు. అతని తెలుగంతా ఆమె నేర్పిందే. తప్పులతో సహా ఆమె యాసే.

జనవరి ఏడున అతనే కోడి వండి కిందికి తెచ్చాడు. మా కళ్లలో నీళ్లు వచ్చేంత కారం. దూరంగా నుమాయిష్ ఎగ్జిబిషన్ మైదానం నుంచి పాటలు వినబడుతున్నాయి. అతను వాళ్ల ఊళ్లో ఆ రోజు ఎలా ఉంటుందో కొంత చెప్పాడు, మధ్యలో ఆపేశాడు. పరాయి దేశంలో చదవడమంటే పండుగ నాడు ఊరంతా మామూలుగా పనికి పోతుండటం చూడటం కూడా అని నాకు అప్పుడు అర్థమైంది. అతను ఆ మాట అనలేదు. తిన్న గిన్నెలు కడిగి పైకి వెళ్లిపోయాడు.

మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన ఉండేది. నా భార్య పుట్టింటి నుంచి తెచ్చిన అలవాటు. అధ్యాయం చదవడం నా వంతు, ప్రార్థన ఆమె వంతు. నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మనిషిని. చదవడం నాకు వచ్చు. దేవుడితో పైకి మాట్లాడటం ఎప్పుడూ రాలేదు. ఆమెకు వచ్చు. మామూలుగా మాట్లాడే యాస వదిలేసి, చర్చిలో విన్న పుస్తకాల తెలుగులో, కళ్లు మూసుకుని, సంఘంలో జబ్బుతో ఉన్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి అప్పగించేది. ఫలానా వారి మోకాలు, ఫలానా వారి కోడలి కాన్పు. ఒక్క పేరు కూడా మరిచిపోయేది కాదు. అతను భోజనం అయ్యాక ఆ పావుగంట కూర్చునేవాడు. మాటలు సగం అర్థం కాకపోయినా పేర్లు అర్థమయ్యేవి.

ఆ ఫోన్ రావడానికి ముందు ఏడాది అతని తండ్రికి మూత్రపిండాల జబ్బు అని తెలిసింది. ఆ రాత్రి నా భార్య ఆయన పేరు అడిగింది. మన నోటికి తిరగని పేరు. నాలుగైదుసార్లు పలికించుకుని నేర్చుకుంది. ఆనాటి నుంచి ప్రతి రాత్రీ ఆ పేరు ప్రార్థనలో ఉండేది. "ఈ బిడ్డ తండ్రిని స్వస్థపరచుము" అని. ఒకసారి అబిడ్స్‌లో నడుస్తూ అతను నాతో, "ఈ ఊళ్లో మా నాన్న పేరు పలికే మనిషి ఆంటీ ఒక్కరే. అది వినడానికే కిందికి వస్తాను" అన్నాడు.

కాబట్టి ఆ గురువారం సాయంత్రం నా భార్యకు వచ్చిన చిక్కు ముఖం దాచుకోవడం గురించి కాదు.

"రాత్రి ప్రార్థనల ఏమనాలె?" అని అడిగింది.

"ఎప్పటిలెక్కనే అను."

"సచ్చిపోయిన మనిషిని బాగుచెయ్యమని అడగాల్నా? దేవునికి తెల్వదా ఆయన లేడని?"

"ఆరు రోజులే. దేవుడు అర్థం చేసుకుంటడు."

"అర్థం చేసుకునేది దేవుడు. అబద్ధం ఆడేది నేను గదా."

చనిపోయినవాళ్ల కోసం మా సంఘంలో ప్రార్థించరు. వాళ్ల సంగతి దేవుడి దగ్గర తేలిపోయిందని, ఇక అడగడానికేమీ లేదని మాకు చిన్నప్పటినుంచి నేర్పారు. మిగిలినవాళ్ల కోసం ఓదార్పు అడుగుతాం, అంతే. ఆమె ఈ విషయంలో ఎంత గట్టిదో నాకు తెలుసు. సొంత తల్లి పోయిన రాత్రి కూడా తల్లి పేరు ప్రార్థనలో ఎత్తలేదు. ఆ రోజు ఆమె ముఖం నేను చూశాను.

"పోనీ తలనొస్తుందని చెప్పి ప్రార్థన ఆపెయ్యి" అన్నాను.

"పరీక్ష ముందట పిల్లగానికి ప్రార్థన ఆపాల్నా?" అంది.

ఆ రాత్రి అతను ఆలస్యంగా వచ్చి నేరుగా పైకి వెళ్లాడు. మర్నాడు శుక్రవారం. బుధ, శుక్రవారాలు అతనికి ఉపవాసం. నెయ్యి తగలకుండా జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర. నా భార్య మామూలుగానే వడ్డించింది. వైవాలో ఏమడుగుతారని అడిగింది. "తెల్వదు ఆంటీ. ఒక సర్ మంచిగ అడుగుతడు. ఇంకో సర్ గుచ్చుతడు" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అంత బాగా నవ్వగలదని నాకు తెలియదు.

నేను అధ్యాయం చదివాను. ఆమె ప్రార్థన మొదలుపెట్టింది. ఆ రోజు చాలాసేపు చేసింది. సంఘం, గల్లీ, వానలు, దేశాన్ని ఏలేవారు, అతని దేశం, అతని తల్లి, అన్నదమ్ములు, అతని వైవా, గుచ్చి అడిగే సారు మనసు మెత్తబడటం, అన్నీ వచ్చాయి. తల్లి పేరు తర్వాత ఎప్పుడూ వచ్చే చోట ఆమె ఒక్కసారి ఊపిరి తీసుకుని ముందుకు వెళ్లింది. నేను కళ్లు తెరిచాను. అతని కళ్లు అప్పటికే తెరిచి ఉన్నాయి. ఆమె ముఖం వైపు చూస్తున్నాడు. ఆమెన్ అన్నాక పళ్లెం కడుక్కుని వెళ్లాడు.

శనివారం కూడా పేరు రాలేదు. ఆ రోజు అతను కళ్లు మూసుకోనే లేదు.

వంటింట్లో ఆమె నాతో, "ఏం అనుమానం రాలే గదా?" అంది. నేను రాలేదన్నాను.

ఆదివారం చర్చి అయ్యాక అతనూ నేనూ అబిడ్స్‌కు వెళ్లడం అలవాటు. మూసిన దుకాణాల ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు. అతను నేల గురించి, పంటల గురించి ఎవరో చదివి అమ్ముకున్న పుస్తకాలు వెతికేవాడు. నేను ఏదో ఒకటి వెతికేవాణ్ని. ఆ రోజు ఇద్దరం ఏమీ వెతకలేదు. జనరల్ పోస్టాఫీసు దాకా నడిచి, వెనక్కి తిరిగి, ఒక కుప్ప దగ్గర కూర్చున్నాం. అమ్మేవాడు "తీసుకునేదుంటే తీయండి సార్, కూసునుడు ఫ్రీ కాదు" అన్నాడు. అతను చేతికందిన పుస్తకం ఒకటి తీసి తెరిచాడు. దాన్ని చూస్తూనే ఇంగ్లీషులో మాట్లాడాడు.

"సర్, మా వాళ్లు ఏ రోజు వస్తున్నారు?"

నేను పక్కనున్న పుస్తకం అట్ట మీది దుమ్ము తుడిచాను.

"చెప్పకండి. అడగడం తప్పు. చెప్పాల్సినవాళ్లు వచ్చి చెప్పాలి. నా కోసం వాళ్లు అంత దూరం నుంచి చీకటితో వస్తారు. నాకు ముందే తెలుసని వాళ్లకు తెలియకూడదు."

"బుధవారం నీ వైవా" అన్నాను.

"చేస్తాను. మా నాన్న నన్ను పంపింది దానికే." పుస్తకం మూసి కుప్ప మీద పెట్టాడు. "ఆంటీకి కూడా చెప్పకండి. తన వల్లే నాకు తెలిసిందని ఆమెకు తెలియకూడదు. ఆమె అబద్ధం ఆడలేదు, అంతే."

మేము లేచి నాంపల్లి వైపు నడిచాం. ఆటోలు, జనం, చాయ్ బండ్లు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. నేను అతని భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను. వేస్తే అతను నిలబడలేడేమో అనిపించింది. వేయలేదు.

ఆ తర్వాతి మూడు రోజులు మా ఇంట్లో ముగ్గురికీ ఒకటే విషయం తెలుసు. ఒకరికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియనట్టు కూర్చుని తిన్నాం. రాత్రి ప్రార్థనకు అతను రోజూ వచ్చాడు. మానేస్తే ఆమెకు అనుమానం వస్తుందని వచ్చాడనుకుంటాను. పైన అతని అడుగుల చప్పుడు వినబడేది. ఒంటరిగా ఒక గదిలో, తండ్రి పోయాడని తెలిసి, ఏడిస్తే కిందికి వినబడుతుందని ఏడవకుండా, జొన్న గురించిన జవాబులు చదువుకునే మనిషి అతను. ఆ మూడు రోజులు నేను ఏ పుస్తకమూ చదవలేకపోయాను.

బుధవారం సాయంత్రం అతను మిఠాయి డబ్బాతో వచ్చాడు. గుచ్చి అడిగే సారు ఏమీ గుచ్చలేదట. ఉపవాసం కనుక తను తినలేదు. నా భార్య నోట్లో ఒక ముక్క పెట్టి, "డాక్టర్ అయిన ఆంటీ" అన్నాడు. ఆమె నమిలింది, మింగింది, "మీ అమ్మకు ఫోన్ చేసినవా బిడ్డా?" అంది. "చేసిన. మస్తు ఖుష్ అయింది" అన్నాడు. నేను లేచి బయటికి వెళ్లాను.

గురువారం ఇంకా చీకటిగా ఉండగానే గేటు దగ్గర రెండు ఆటోలు ఆగాయి. ఆరేడుగురు దిగారు. భుజాల మీద తెల్లని నూలు దుప్పట్లు. నేను గేటు తీశాను. నాకు ఫోన్ చేసినాయన నా చేతులు పట్టుకుని, వదిలి, ముందుగా మెట్లెక్కాడు. తలుపు తట్టడం వినబడింది. తర్వాత వాళ్ల భాషలో రెండు మూడు మాటలు.

అతనికి ముందే తెలుసు కనుక ఊరుకుంటాడని, లేదా ఏడ్చినట్టు నటిస్తాడని నేననుకున్నాను. రెండూ కాలేదు. ఆ కేక విని గల్లీలో దీపాలు వెలిగాయి. పేవ్‌మెంటు మీద కూర్చుని అంత నెమ్మదిగా మాట్లాడిన మనిషి కేకేనా అని నేను మెట్ల కింద నిలబడిపోయాను. నా భార్య గబగబా నన్ను దాటుకుని పైకి వెళ్లింది. తెలిసిన రోజు నుంచి వెళ్లాలనుకుంటున్న చోటికి అప్పుడు వెళ్లగలిగింది.

ఏడు గంటలకల్లా మా చర్చి ఆడవాళ్లు ఉప్మా గిన్నెలతో వచ్చారు. పైన వాళ్ల ఆడవాళ్లు కాఫీ గింజలు వేయిస్తున్నారు. మోటరు గురించి మాట పడ్డ ఎదురింటావిడ కూడా అన్నం వండుకొచ్చి, "ఏమైందట పిల్లగాని తండ్రికి?" అని మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది.

కొన్ని రోజుల తర్వాత అతను నా భార్యను ఒకటి అడిగాడు. వాళ్లలో చనిపోయినవారి కోసం ప్రార్థిస్తారు. నలభయ్యో రోజు ముఖ్యం. "ఆంటీ, ఆ దినం ప్రార్థనల నాన్న పేరు చెప్తరా?" అన్నాడు.

ఆమె వెంటనే సరే అనలేదు. అతను పైకి వెళ్లాక నాతో, "గది మనకు లేదు గదా" అంది. అనవచ్చని నేను రెండు మూడు కారణాలు చెప్పాను, చదువుకున్నవాడి కారణాలు. ఆమె విన్నది. ఒప్పుకోలేదు. కొన్ని రాత్రులు ఆ విషయం మీద ఆమెకు నిద్ర పట్టలేదు.

నలభయ్యో రోజు రాత్రి అధ్యాయం అయ్యాక ఆమె మొదటగా ఆ పేరే పలికింది. ఆయన కోసం ఏమీ అడగలేదు. ఆయన్ని లోకంలోకి పంపినందుకు, ఆయన పెంచిన బిడ్డను ఈ ఇంటికి నడిపించినందుకు కృతజ్ఞతలు చెల్లించింది. అడగడమే కూడదు, కృతజ్ఞత కూడదని ఎక్కడా లేదని ఆమె తనంతట తాను తేల్చుకుంది. అతను తల వంచుకుని విన్నాడు. ఆ పేరు ఆమె చాలా స్పష్టంగా పలికింది.

పట్టా చేతికి వచ్చాక అతను వెళ్లిపోయాడు. వెళ్లేముందు సాయంత్రం ఆమె అడిగింది, "ఆరు దినాలు నీ కాడ దాచినం బిడ్డా. మనసుల పెట్టుకోకు. నీకేం తెల్వలే గదా అప్పుడు?"

"లే ఆంటీ. నాకేం తెల్వలే" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ తర్వాత రెండేళ్లకు ఆమె పోయింది. దవాఖానలో ఉన్న రోజుల్లో ప్రార్థన నేనే చేయాల్సి వచ్చింది. నాకు రాని పని. మంచం పక్కన కూర్చుని, ఆమె వాడే మాటలే వాడుతూ, ఆమె పేరు పెట్టి స్వస్థత అడిగాను. ఆమె కళ్లు మూసుకుని వినేది. ఒకసారి నేను ఎవరి మోకాలో మరిచిపోతే గుర్తుచేసింది.

సమాధి చేసి వచ్చిన రాత్రి ఎనిమిదింటికి కూర్చున్నాను. అధ్యాయం చదివాను. తర్వాత నోరు తెరిస్తే, నిన్నటిదాకా అడిగినది ఇవాళ అడగడానికి లేదు. కృతజ్ఞత చెప్పవచ్చు. అది ఆమె చూపించిన దారే. అతను కూడా ఫోన్‌లో, కబురు తెలిసి చాలా రోజులయ్యాక, ఆంటీ పేరు తను రోజూ అంటున్నానని చెప్పి, "మీరు, సర్?" అని అడిగాడు. నేను ఇంకా అనలేదని చెప్పాను.

కృతజ్ఞత చెప్పాలంటే ఆమె పోయిందని ఒప్పుకోవాలి. ఇప్పటికీ రాత్రి ఎనిమిదింటికి అధ్యాయం చదువుతాను. మా ఇంట్లో ప్రార్థన పైకి చేయడం లేదు.